మాది కాని డేటాబేస్‌తో పని: మా ప్రణాళిక

మేం ఇతరుల డేటాబేస్‌ల మీద ప్రోగ్రాములు రాసేవాళ్లం. ఆ టేబుళ్లు మేం కట్టినవి కావు. వాటి పేర్లు మేం పెట్టలేదు, మార్చే హక్కూ మాకు లేదు. మాకన్నా ఎన్నో ఏళ్ల ముందునుంచి ఏదో బిల్లింగ్ ప్రోగ్రామో, రాత్రిపూట నడిచే బ్యాచ్ జాబో అందులో రాస్తూ ఉంది, మేం వెళ్లిపోయాకా రాస్తుంది. టేబుల్ ఎవరిదో మాట వారిదే, సర్దుకోవలసింది మా కోడే. ఈ ప్రణాళికకు పునాది ఇదే.

టేబుల్ వరుసలను ప్రోగ్రాంలో ఆబ్జెక్టులుగా చూపే ఓఆర్ఎం పరికరాలు వద్దని మేం అనడం లేదు. హైబర్నేట్, రైల్స్‌లోని యాక్టివ్ రికార్డ్, జాంగో, ఎస్క్యూఎల్ ఆల్కెమీ మాకు రోజూ అన్నం పెడుతున్నాయి. కానీ వాటిలో కొన్ని డేటాబేస్ తమదేనన్న నమ్మకంతో పుట్టాయి. క్లాసు పేరుకు బహువచనమే టేబుల్ పేరనీ, ఐడీ అనే కాలమ్ తప్పకుండా ఉంటుందనీ యాక్టివ్ రికార్డ్ అనుకుంటుంది. రెండు కాలమ్‌లు కలిసి ప్రైమరీ కీ అయ్యే టేబుళ్లు పాత డేటాబేస్‌లలో కొల్లలు. జాంగో మాత్రం 2025లో 5.2 వెర్షన్ వచ్చేదాకా వాటికి చోటివ్వలేదు.

స్కీమాను, అంటే టేబుళ్ల కట్టడాన్ని, మా టూల్ ముట్టదు. హైబర్నేట్‌లో స్కీమా సెట్టింగు 'క్రియేట్' అని ఉండిపోతే, ప్రోగ్రాం లేవగానే తన టేబుళ్లను తీసేసి మళ్లీ కడుతుంది. మేం సరిచూసి ఊరుకునే 'వాలిడేట్' దాటి పోము. జాంగోలో ఇన్‌స్పెక్ట్‌డీబీ తీసిచ్చే మోడళ్లలో 'మేనేజ్డ్ = ఫాల్స్' అన్న లైను ముందే ఉంటుంది, దాన్ని ఎవరూ చెరపకూడదు. అయినా ఒక్క సెట్టింగు మీద అంత భారం వేయలేం. టేబుల్ కట్టే, మార్చే, తీసేసే హక్కులు మా లాగిన్‌కు ఇవ్వవద్దని మేమే అడుగుతాం.

అసలు ప్రమాదం రాయడంలో ఉంది. హైబర్నేట్ గానీ, జాంగో గానీ మామూలుగా ఒక్క కాలమ్ మారినా వరుసలోని కాలమ్‌లన్నిటినీ తిరిగి రాస్తాయి. కస్టమర్ ఫోన్ నంబరు మార్చడానికి మేం వరుసను చదివాం, ఈలోగా బిల్లింగ్ ప్రోగ్రాం అతని బాకీని తగ్గించింది అనుకోండి. మా అప్‌డేట్ కొత్త ఫోన్ నంబరుతో పాటు పాత బాకీనీ తెచ్చి కూర్చోబెడుతుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో జాడ ఉండదు. కట్టిన డబ్బు కట్టనట్టే అవుతుంది, ఆఫీసు చుట్టూ తిరిగేది ఆ కస్టమర్. అందుకే మారిన కాలమ్‌లనే రాస్తాం: హైబర్నేట్‌లో డైనమిక్ అప్‌డేట్, జాంగోలో అప్‌డేట్ ఫీల్డ్స్. వెర్షన్ కాలమ్ చేర్చుకునే వీలు మాకు లేదు గనుక, మేం చదివిన విలువే ఇంకా ఉందా అని అప్‌డేట్‌లోని 'వేర్' షరతులోనే చూస్తాం. ఒక్క వరుసా మారలేదంటే మళ్లీ చదివి మొదలుపెడతాం. ఇతరులు రాసే టేబుల్‌ను మా క్యాష్‌లో దాచుకోం.

టేబుల్‌లో రాసినప్పుడు డేటాబేస్ తనే నడిపే ట్రిగ్గర్లను వెతికి తెలుసుకుంటాం. 2022లో వచ్చిన ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ 7 అనే ఓఆర్ఎం, ఎస్క్యూఎల్ సర్వర్‌లో సేవ్ చేసే పద్ధతి మార్చుకుంది. దాంతో ట్రిగ్గర్ ఉన్న టేబుళ్ల మీద సేవ్‌లు ఆగిపోయాయి, టేబుల్‌కు ట్రిగ్గర్ ఉందని మోడల్‌లో విడిగా చెప్పవలసి వచ్చింది. ట్రిగ్గర్ మార్చిన విలువ మెమరీలోని ఆబ్జెక్టుకు దానంతట అదే తెలియదు కాబట్టి, సేవ్ అయ్యాక తిరిగి చదువుతాం.

డాక్యుమెంటును కాదు, డేటాను నమ్ముతాం. ఒరాకిల్‌లో ఖాళీ స్ట్రింగ్ అంటే నల్, చార్ కాలమ్ చివర స్పేసులు ఉంటాయి. గడువు లేదని చెప్పడానికి 9999 డిసెంబరు 31 వేసినవాళ్లూ ఉన్నారు. వీటిని మ్యాపింగ్ దగ్గరే సరిచూస్తాం, లోపలి కోడ్‌లోకి రానివ్వం. కురచ కాలమ్ పేర్లనూ వెక్కిరించం. 12.2 వెర్షన్‌కు ముందు ఒరాకిల్‌లో ఏ కాలమ్ పేరూ 30 బైట్లు దాటడానికి వీల్లేదు. వాటిని పెట్టినవాళ్లు తమ కాలపు హద్దుల్లో బాగానే పనిచేశారు.

ఓఆర్ఎంకు లొంగని చోట నేరుగా ఎస్క్యూఎల్ రాస్తాం. డేటా మార్చడానికి స్టోర్డ్ ప్రొసీజర్ ఉంటే దాన్నే పిలుస్తాం, దాన్ని దాటి టేబుల్‌లో రాయం.

డేటాబేస్‌ను చూసుకునే డీబీఏలకు మా విన్నపం ఇది. టేబుళ్లు నేరుగా చూపకుండా మాకంటూ కొన్ని వ్యూలు ఇవ్వండి. కాలమ్ మార్చేముందు ఒక్క మాట చెప్పండి. మా క్వెరీ ఏదైనా మీ సర్వర్‌ను నిలబెడితే ఆ క్వెరీని మాకు పంపండి, ముందు దాన్ని ఆపి తర్వాతే మిగతా పని చూస్తాం.