రెండింజనులకు మించిన రక్ష

2003 సం. ఏప్రిల్ 9వ తేదీన వై. యస్. రాజశేఖరరెడ్డిగారు చేవెళ్లనుండి కాలినడకన బయలుదేరుట మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతీయులు మరచియుండరు. ఆ ప్రజానాయకుడే ముఖ్యమంత్రియై, 2009 సెప్టెంబరు 2వ తేదీన హైదరాబాదునుండి చిత్తూరు జిల్లాకు హెలికాప్టరులో బయలుదేరి, నల్లమలలోని పావురాలగుట్టపై మరి నలుగురితో గూడ అసువులు బాసిరి.

ఆ బెల్ 430 నాసిరకపు యంత్రము కాదు. బెల్ కంపెనీవారు 1976లో ఎగురవేసిన 222వ రకమునకు 230, దానికి 430 వారసులు. 230కి పైరెక్కలు రెండు, 430కి నాలుగు. అందుచే అదురు తగ్గినది. ప్రయాణికుల గది పొడవు పెరిగి, చోదకుడు గాక తొమ్మండుగురు కూర్చుండ వీలైనది. 1994లో తొలిసారి ఎగిరిన యీ రకము 1996లో 17 దినములలో భూప్రదక్షిణము చేసెను. ఒక యింజను ఆగినను రెండవదానితో క్షేమముగా దిగవచ్చుననుటయే రెండింజనుల ప్రయోజనము.

కాని మేఘము ఇంజనులను లెక్కింపదు. గేరుపెట్టె చమురునుగూర్చిన హెచ్చరికపై చోదకులు దృష్టి నిలిపియుండగా, యంత్రము కారుమేఘమున జొచ్చి, క్రిందికి త్రోయు పెనుగాలికి లోనై పట్టు తప్పెనని విచారణసంఘము తేల్చినది. 2002 మార్చి 3వ తేదీన కైకలూరు సమీపమున లోకసభాధ్యక్షులు బాలయోగిగారిని బలిగొన్న బెల్ 206 ఒంటి యింజనుది. ఏడేండ్లలో ఇంజనులు రెట్టింపైనవి. తెలుగునేలకు దుఃఖము మాత్రము తప్పలేదు.

ఆనాడెవరో తొందరపెట్టిరని మేము నిందింపము. మేము కోరునది భవిష్యత్తునకు కట్టుబాటు. ప్రయాణవిషయమున తుదిమాట చోదకునిదే యని నియమము గలదు. ఆ మాట కాగితముపై నున్న చాలదు. సభాసమయమెట్టిదైనను, నాయకుడెవరైనను, వాతావరణము చెడినచో ప్రయాణము మానవలెను. ప్రతి పర్యటనకును రోడ్డుమార్గము ముందుగనే సిద్ధపరుపవలెను.

ప్రజలకును బాధ్యత గలదు. నాయకుడు వేళకు రాలేదని అలుగుట మనము మానవలెను. పాదయాత్రలో రాజశేఖరరెడ్డిగారు తూర్పుగోదావరి జిల్లాలో ఎండదెబ్బకు లోనై కొన్ని దినములు ఆగిరి. పిదప నడచి ఇచ్ఛాపురము చేరిరి. ఆగినందులకు వారి నెవరును పిరికివారనలేదు. నేలపై గౌరవించిన యా విరామమును ఆకాశయానమునందును గౌరవింపనేర్తుమా? రెండింజనులు చేయజాలని రక్షను ఆ యొక్క వివేకము చేయగలదు.