ఆషాఢం దాటాకే పాలు పొంగించండి

జ్యేష్ఠంలో ముహూర్తం దొరికిందంటే చాలు, బాగు చేయించుకుంటున్న ఇంట్లో పని తీరే మారిపోతుంది. అప్పటిదాకా గోడ ఆరిందా, పైపు కారుతోందా అని అడిగినవాళ్లు ఇక తేదీ ఒక్కటే అడుగుతారు. ‘పెద్ద పనులన్నీ అయిపోయాయండీ, మిగిలినవి చిల్లర పనులే, మీరు దిగాక ఒక్కొక్కటీ చేసిపెడతాం’ అంటాడు మేస్త్రీ. ఇంట్లో పెద్దలు తలూపుతారు. ఇల్లు కట్టించిన బంధువులు ‘ఎవరింట్లోనైనా అంతే, మనుషులు దిగితేనే మిగతావి కదులుతాయి’ అని ధైర్యం చెబుతారు. అనుభవంతో పండిన సలహాగా దీన్ని అందరూ అందరికీ ఇస్తున్నారు. ఇల్లు బాగుచేయించే కుటుంబానికి ఇంతకంటే చెడ్డ సలహా లేదంటాను.

ముందు ఆ చిల్లర పనులేమిటో చూడండి. హాల్లో ఫాల్స్ సీలింగు, టీవీ వెనక చెక్కపని, వీధి తలుపు పాలిష్ ఎప్పుడూ మిగలవు. అవి వచ్చేపోయేవాళ్ల కంట పడతాయి. మిగిలేవి వేరు: బాత్రూములో టైల్స్ జాయింట్లు నింపడం, గీజరు పాయింటుకు ఎర్త్ వైరు కలపడం, డీబీ బాక్సుకు మూత బిగించి ఏ ఎంసీబీ ఏ గదిదో రాయడం, ఎగ్జాస్ట్ ఫ్యాను కోసం కొట్టిన కన్నం చుట్టూ పూడ్చడం, మేడమీద పిట్టగోడ మొదట్లో నీరు దిగకుండా సిమెంటు వాలు కట్టడం, మెట్లకు రెయిలింగ్ బిగించడం. మనిషిని కరెంటు నుంచి, చెమ్మ నుంచి, జారిపడటం నుంచి కాపాడే పనులన్నీ ఈ చివరి మూటలోనే ఉన్నాయి.

బాత్రూము సంగతే తీసుకోండి. పాత ఫ్లాట్లలో దాన్ని బాగుచేయడమంటే పాత టైల్స్ కొట్టేసి, కింద వాటర్‌ప్రూఫింగ్ చేసి, కొత్తవి పరవడం. వాటర్‌ప్రూఫింగ్ ఆరాక నీళ్లుపోయే దారి మూసి, నీళ్లు నింపి, 24 గంటలు, వీలైతే 48 గంటలు నిలబెట్టి, కింది ఫ్లాటువాళ్ల కప్పు చూసి రావాలి. టైల్స్ పరిచేశాక కారుతోందని తెలిస్తే మళ్లీ కొట్టడమే. ముహూర్తం తరుముకొస్తుంటే మొదట ఎగిరిపోయేవి ఆ రెండు రోజులే. ఆ తర్వాత నహానీ ట్రాప్. టైల్స్ వేసేవాళ్లు తాపీలు, గిన్నెలు కడిగిన సిమెంటు నీళ్లు అందులోకే పోతాయి. అడుగున గడ్డకడితే గచ్చు మీద నీళ్లు నిలుస్తాయి. ట్రాప్‌లో ఎప్పుడూ ఉండాల్సిన 50 మిల్లీమీటర్ల నీరే మురుగు వాసనను, బొద్దింకలను ఆపేది. ట్రాప్ సరిగా కూర్చోకపోతే ఎంత ఫినాయిల్ పోసినా లాభం లేదు. ఇక వాలు తప్పితే నీరు గుమ్మంవైపు వస్తుంది. డెబ్బై దాటిన తల్లి తెల్లవారుజామున లేచి కాలుపెట్టేది ఆ తడి గచ్చు మీదే. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ పెద్దవాళ్లకు సేవ చేసినవాళ్లెవరూ దీన్ని చిల్లర పని అనరు.

కరెంటు ఇంకా ప్రమాదం. మూడు పిన్నుల సాకెట్టులో పై కన్నం వెనక ఎర్త్ వైరు ఉందో లేదో బయటికి తెలియదు. అది లేకపోయినా గీజరు నీళ్లు కాస్తుంది, వాషింగ్ మెషీను తిరుగుతుంది. అందుకే ఆ వైరు ‘తర్వాత చూద్దాం’లోకి పోతుంది. గీజరు లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున తడిచేత్తో ముట్టుకున్న మనిషి ఒంట్లోంచే కరెంటు భూమిలోకి దిగుతుంది. 30 మిల్లీఆంపియర్ల కరెంటు దారి తప్పగానే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీలు వచ్చాయి. చాలామంది డబ్బుపెట్టి కొంటున్నారు కూడా. దానిమీదున్న టెస్ట్ బటన్ ఒక్కసారైనా నొక్కి, అది పడుతోందో లేదో చూడకుండా ఇంట్లో పిల్లలను ఎలా తిరగనిస్తాం?

చేరాక చేసిపెడతానన్న మేస్త్రీ అబద్ధమాడుతున్నాడని నేననను. ఆ మాట నిలబెట్టుకునే పరిస్థితి అతనికి ఉండదు. పది చిల్లర పనులకు ఐదు రకాల పనివాళ్లు కావాలి. ఎలక్ట్రీషియన్ స్విచ్‌బోర్డు సరిచేస్తే దాని చుట్టూ లప్పం పెట్టాలి. లప్పం ఆరాక పెయింటర్ రావాలి. అతను రాకముందే వడ్రంగి వచ్చి, పట్టేసిన తలుపు చిత్రిక పట్టి పోవాలి. ఒక్కొక్కరికి గంట పని, కానీ ఆ గంట కోసం పూటంతా పోతుంది, కూలి గిట్టదు. అప్పటికే మేస్త్రీ ఇంకో ఇంటి అడ్వాన్సు తీసుకుని ఉంటాడు. చాలాసార్లు మన ఇంటి చివరి వారం కూలీలకు ఇచ్చింది ఆ డబ్బే. ఇక అతను అక్కడికే పోతాడు. ఇందులో మోసమేమీ లేదు, బతుకుతెరువు ఉంది. ఆ సంగతి తెలిసి కూడా అతని మాట మీద మన ఇంటి భద్రతను వదిలేయడం మన తప్పు.

అతను మాట నిలబెట్టుకుని వచ్చినా, మనుషులు దిగిన ఇంట్లో పని ఒక పట్టాన సాగదు. టైల్ కట్టర్ దుమ్ము అన్నం గిన్నెల మీద పడుతుంది, మంచాలు జరపాలి, బీరువాలకు దుప్పట్లు కప్పాలి. పనివాడు వస్తానన్న రోజున ఒకరు ఇంటిపట్టున ఉండాలి. ఆ ఒకరు ఎప్పుడూ ఇల్లాలే. ఆమె పెట్టుకున్న సెలవులు, చేసిన ఫోన్లు, పొద్దంతా కాసిన ఎదురుచూపు ఇంటి ఖర్చు లెక్కలో ఎవరూ రాయరు. చివరికి ఆమే విసిగి వదిలేస్తుంది. మూతలేని డీబీ బాక్సు అందరి కళ్లకూ అలవాటైపోతుంది. అపార్ట్‌మెంట్లలోనైతే శిక్ష మరొకరికి. మన బాత్రూము పరీక్ష మనం ఎగ్గొడితే చెమ్మ మరక పడేది కింది ఇంటివాళ్ల కప్పు మీద, పెచ్చులూడేది వాళ్ల పిల్లలు పడుకునే గదిలో. ముహూర్తం మనది, నష్టం వాళ్లది. ఇది అన్యాయం.

ముహూర్తం వద్దని నేను అనడం లేదు. తలుపులు బిగించకుండా, కప్పు పూర్తికాకుండా ఇంట్లో ప్రవేశించవద్దని చెప్పింది ఆ శాస్త్రమే. బాగుచేయించిన పాత ఇంట్లోకి తిరిగి వెళ్లడాన్ని ద్వంద్వ గృహప్రవేశమని విడిగా చెప్పిందీ అదే. పూర్తికాని ఇంట్లోకి పరుగెత్తమని పంచాంగం చెప్పలేదు. ఆషాఢానికి ముందే దిగిపోవాలన్న తొందర మనం తెచ్చిపెట్టుకున్నది.

నేను సరిగ్గా దీనికి ఎదురు చెబుతాను. ఆ ఆషాఢాన్ని ఇంటికి ఇచ్చేయండి. జూన్‌లో నైరుతి రుతుపవనాలు వస్తాయి, ఆషాఢం వచ్చేసరికి వానలు కుదురుకుంటాయి. మేడ, సజ్జలు, కిటికీ అంచులు ఎంత గట్టివో చెప్పడానికి వానను మించిన పరీక్ష లేదు. ఖాళీ ఇంట్లో మరక ఎక్కడ వస్తే అక్కడే కనబడుతుంది, అడ్డుగా బీరువా ఉండదు. నెల్లూరు వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు తర్వాతే కాబట్టి, అక్కడివాళ్లు మేడమీద నీళ్లు కట్టి చూసుకోవాల్సిందే. రంగుకూ ఈ నెల అవసరమే. కొత్త ప్లాస్టరింగ్ మీద రంగు వేయడానికి 28 రోజులు ఆగమని రంగుల కంపెనీలే చెబుతాయి. తడి గోడకు లప్పం పూసి, ప్రైమర్ కొట్టి, రంగేసి ముహూర్తానికి మెరిపిస్తే ఆ రంగు ఉబ్బి ఊడిపోక ఏం చేస్తుంది? శ్రావణంలో మళ్లీ ముహూర్తాలున్నాయి. అప్పుడు దిగండి.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది: ఇంకో నెల అద్దె, పైగా బాగుచేయించడానికి తెచ్చిన అప్పు మీద ఈఎంఐ. జీతం మీద బతికేవాళ్లకు అది చిన్న భారం కాదు. అందుకే ఆ నెల చివర్లో వచ్చిపడే ఖర్చులా కాకుండా, పని మొదలుపెట్టే రోజు వేసుకున్న అంచనాలోనే ఉండాలి. టీవీ వెనక చెక్కపనికి దొరికిన డబ్బు దీనికి దొరకదని నేను నమ్మను. నిజంగా దొరకనివాళ్లు కూడా ఎర్తింగ్, బాత్రూము వాలు, మెట్ల రెయిలింగ్ పూర్తికాకుండా గడప దాటొద్దు.

చట్టం మనల్ని ఆదుకుంటుందన్న భరోసా ఉంటే అది కూడా తక్కువే. 2016 నాటి రెరా చట్టం ప్రకారం కొత్త ఫ్లాటు అప్పగించాక ఐదేళ్లలో పనిలో లోపం తేలితే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. కానీ అమ్మకంతో సంబంధం లేని మరమ్మతులు ఆ చట్టం పరిధిలోకి రావు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇళ్ల నిర్మాణాన్ని సేవగానే చూస్తుంది. అయితే బిల్లు లేకుండా నోటిమాట మీద నడిచిన పనికి సాక్ష్యం ఎక్కడి నుంచి తెస్తాం?

కాబట్టి పట్టు ఏదైనా ఉంటే ఒప్పందంలోనే ఉండాలి. ప్రభుత్వ పనుల్లో కాంట్రాక్టరు బిల్లులోంచి కొంత ఆపి ఉంచడం మామూలే. మన ఇంటికీ మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి: పదో వంతు చివరి పనులు పూర్తయ్యాకే. అది మేస్త్రీ వాటాలోంచి ఆపాలి. కూలీల డబ్బు ఒక్క రోజు కూడా ఆపకూడదు. చివరి పనులకు విడిగా రోజు కూలి కట్టి, ప్లంబరు, ఎలక్ట్రీషియన్, వడ్రంగి, పెయింటర్ వరుసగా వచ్చేలా రోజులు ముందే ఖాయం చేసుకోవాలి. వాళ్ల గంట పనికి పూట డబ్బులివ్వడం నష్టమనుకునేవాళ్లు అసలు ఇంటి పని పెట్టుకోకూడదు. గోడలు మూయకముందు పైపుల, వైర్ల ఫొటోలు, రంగుల షేడ్ నంబర్లు, ఒక పెట్టె మిగులు టైల్స్ అడిగి తీసుకోవాలి. అదే షేడు మళ్లీ దొరుకుతుందన్న హామీ లేదు. గేటు ముందు కూలగొట్టిన చెత్త ఎత్తించే బాధ్యత కూడా మనదేనని 2016లో వచ్చిన కేంద్ర నిబంధనలు చెప్పాయి. హైదరాబాద్‌లో దానికోసమే జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో కేంద్రాలున్నాయి.

ఇవన్నీ అయ్యాక శ్రావణంలో పాలు పొంగించిన రోజున మేస్త్రీకీ పనివాళ్లకూ బట్టలు పెట్టండి, ఆపిన పదో వంతు కూడా ఆ పళ్లెంలోనే పెట్టి లెక్క అక్కడితో తేల్చేయండి.