విషం కలిపేవాడి పక్క కుర్చీ

“డార్క్ కామెడీని ఆస్వాదించడానికి కాస్త సంస్కారం ఉండాలి.” ఈ మాట ఈమధ్య నాకు రెండుచోట్ల ఎదురైంది. ఒకసారి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో చెట్ల నీడన, మరొకసారి తార్నాకలో చాయ్ కొట్టు ముందర. రెండుసార్లూ ఆ మాట అన్నది సినిమా అంటే ప్రాణం పెట్టే యువమిత్రులే. రెండుసార్లూ ఆ సంస్కారం కొరవడినవాడిగా తేలింది నేనే.

తగవంతా ఒక పాత బ్రిటిష్ చిత్రం గురించి. పేరు ‘ది యంగ్ పాయిజనర్స్ హ్యాండ్‌బుక్’. బెంజమిన్ రాస్ దర్శకత్వంలో 1995లో వచ్చింది. గ్రాహం యంగ్ అనే నిజమైన హంతకుని జీవితం దానికి ఆధారం. మిత్రులు ఆ చిత్రాన్ని నాకూ చూపించారు. చూడటం అయ్యాక ఒకరు, “మన ఏలూరు సైనైడ్ కేసు మీద తెలుగులో ఇలాంటిది ఒకటి పడాలండీ, అదిరిపోతుంది” అన్నారు. నా అభ్యంతరం సరిగ్గా అక్కడ మొదలైంది. చాయ్ చల్లారేలోగా చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ తీరుబడిగా చెప్పుకుంటాను.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. చావు మీద నవ్వరాదని నేననను. చావింటికి వెళ్ళి వచ్చే దారిలో పేలే హాస్యం ఎరగని తెలుగువాడు ఉండడు. కర్మకాండ భోజనాల దగ్గర గారెల రుచి మీద జరిగే చర్చను మించిన డార్క్ కామెడీని ఏ దర్శకుడూ తీయలేడు. అటువంటి సినిమాలను నిషేధించమనీ నేను కోరడం లేదు. నా ప్రశ్న చిన్నది. నవ్వించబోయే ముందు సినిమా మనల్ని ఎవరి పక్కన కూర్చోబెట్టింది? మంచిచెడ్డలన్నీ ఆ కుర్చీని బట్టే ఉంటాయి.

గ్రాహం యంగ్ 1947లో పుట్టాడు. పసితనం నుంచీ రసాయనాల పిచ్చి. ఇంట్లోవారికీ, బడిలో ఒక స్నేహితునికీ విషం పెట్టినట్టు 1962లో, పద్నాలుగేళ్ళ వయసులో, ఒప్పుకున్నాడు. బ్రాడ్‌మూర్ అనే మానసిక చికిత్సాలయానికి పంపారు. సవతితల్లి ఆ ఏడే చనిపోయింది గానీ, దహనం అయిపోయింది కనుక ఆ మరణం మీద అభియోగమే లేకపోయింది. నయమైందని వైద్యులు చెప్పగా 1971లో బయటికి వచ్చాడు. బోవింగ్డన్ అనే ఊళ్ళో ఒక కర్మాగారంలో పనికి కుదిరాడు. తోటివారికి టీ అందించడం కూడా అతని చేతుల్లోకి వచ్చింది. కొద్ది నెలల్లో చాలామంది మంచంపట్టారు, ఇద్దరు చనిపోయారు. అంతా దాన్ని ఊళ్ళో తిరుగుతున్న వైరస్ అనుకున్నారు. కంపెనీ వైద్యుడు సిబ్బందిని కూర్చోబెట్టి ధైర్యం చెబుతుంటే, ఈ లక్షణాలు థాలియం విషానివి కావచ్చుగదా అని అడిగినవాడు యంగే. తన పాండిత్యం నలుగురికీ తెలియాలన్న ఆ దుగ్ధే అతన్ని పట్టించింది. దహనమైన ఒక మృతుని బూడిదలో సైతం థాలియం దొరికింది. 1972లో యావజ్జీవ శిక్ష పడింది. 1990లో జైలులోనే పోయాడు.

ఇక సినిమా. విషం కథ హాస్యంగా మారే కిటుకు చాలా సరళమైనది. కప్పులో ఏముందో కలిపినవాడికి తెలుసు, మనకు తెలుసు, తాగేవాడికి తెలియదు. తాగేవాడు “టీ బాగుందోయ్” అన్నాడంటే మనకు నవ్వు వస్తుంది. ఆ నవ్వు రావాలంటే హంతకుని రహస్యంలో మనకూ వాటా ఉండాలి. ఈ చిత్రం ఆ వాటాను మొదటి నుంచే పంచిపెడుతుంది. కథ నడిపే గొంతు గ్రాహందే. తెలివిగలవాడు అతనొక్కడే. చుట్టూ ఉన్నవారు చౌకబారు అభిరుచుల దిగువ మధ్యతరగతి మనుషులు. వాళ్ళ ఇల్లు, వాళ్ళ తిండి, వాళ్ళ సరసాలు అన్నీ వెక్కిరింతకు అనువుగా అమర్చి ఉంటాయి. అంత అమర్చాక వాళ్ళకు విషం పెట్టడం ఒక నేరంగా తోచదు, వాళ్ళ అభిరుచి మీద కాస్త ఘాటైన విమర్శగా తోస్తుంది.

చిత్రంలో మంచి లేదని కాదు. హ్యూ ఓకానర్ ముఖంలోని ఆ చల్లని ఏకాగ్రత మరపురానిది. చికిత్సాలయం ఘట్టాలు నిజంగా గొప్పవి. కలలను విశ్లేషించి ఈ కుర్రవాణ్ణి బాగుచేశానని ఒక పెద్ద వైద్యుడు మురిసిపోతాడు. ఆ పాత్ర వేసినవాడు ఆంటొనీ షెర్. అక్కడ వెక్కిరింత అధికారం ఉన్నవాడి మీదికి, విడుదల కాగితం మీద సంతకం పెట్టగలవాడి మీదికి పోతుంది. కర్మాగారం చేరేసరికి అదే వెక్కిరింత టీ తాగి పనిలోకి వెళ్ళే కూలివాడి మీదికి దిగింది. నా పేచీ ఆ దిగడంతోనే.

అసలు కేసులో ఒక విషయం ఉంది. యంగ్ ఒక డైరీ రాసుకున్నాడు. ఎవరికి ఎంత పెట్టాడు, ఎవరు ఎలా బాధపడ్డారు, ఎవరిని వదిలిపెట్టాలి, అన్నీ అందులో ఉన్నాయి. మనుషుల పేర్లు లేవు, పొడి అక్షరాలు మాత్రమే ఉన్నాయి. పోలీసుల చేతికి చిక్కాక అతను చెప్పుకున్న సంజాయిషీ ఏమిటంటే, అది తాను రాయబోయే నవలకు చిత్తుప్రతి అని. న్యాయస్థానంలో జ్యూరీ ఆ మాట నమ్మలేదు. ఇరవై మూడేళ్ళ తరవాత సినిమా నమ్మింది! ఆ డైరీ నిజంగానే ఒక కథ అన్నట్టు, ఆ పొడి అక్షరాలు నిజంగానే పాత్రలు మాత్రమే అన్నట్టు తీసుకుపోయింది. హంతకుని కల్పనను అతని షరతుల మీదనే పూర్తిచేసిపెట్టడానికి కళ అని పేరుపెడితే, దానికి నా సంస్కారం చాలదు.

“మరి హంతకుడే కథ చెప్పే సినిమా తీయకూడదా?” అంటారు. తీయవచ్చు. చాప్లిన్ తీశాడు. 1947లో వచ్చిన ‘మస్యూ వెర్దూ’కు ఫ్రాన్సులో వరుసగా స్త్రీలను చంపిన లాంద్రూ అనే వాడి కథ ప్రేరణ. అక్కడా మనకు కథ మొదలుపెట్టేది హంతకుడే, నవ్వులూ అతనివే. కానీ నడుమ ఒక ఘట్టం ఉంది. కొత్త విషాన్ని పరీక్షించడానికి వెర్దూ వీధిలో కనబడిన ఒక దిక్కులేని పిల్లను ఇంటికి తెస్తాడు. వైన్ పోస్తాడు. ఆమె తాగబోయేలోగా మాటల్లో పెడతాడు. ఆమె తన కథ చెబుతుంది: యుద్ధంలో అవిటివాడైన భర్త, అతని మీద తన ప్రేమ. వెర్దూ ఏదో సాకు చెప్పి ఆ గ్లాసు తీసేస్తాడు. తాగేవారికి నోరు వచ్చిన మరుక్షణం గ్లాసు వెనక్కి పోవాల్సిందేనని చాప్లిన్‌కు తెలుసు. తక్కిన హత్యలకు మనం నవ్వగలిగింది ఆ స్త్రీలకు నోరు ఇవ్వనందువల్లనే అన్న నిజం అప్పుడు మనకు గుచ్చుకుంటుంది. నవ్విన నవ్వుకు లెక్క అప్పజెప్పించుకున్నాడు చాప్లిన్. రాస్ చిత్రంలో ఆ లెక్క అడిగేవాడు లేడు.

మన దగ్గర వెదికితే, గురజాడ ఈ పని ఏనాడో చేశాడు. ఆడపిల్లల్ని అమ్ముకునే ఘోరం మీద ‘కన్యాశుల్కం’ అంత నవ్వు పుట్టించిన నాటకం మరొకటి లేదు. గిరీశాన్ని మించిన వగలమారి మన సాహిత్యంలో లేడు, మనమంతా అతని పక్కనే కూర్చుని ముసిముసిగా నవ్వుకున్నవాళ్ళమే. అయినా కథ పగ్గాలు అతనికి దక్కలేదు. చివరికి బుచ్చమ్మకు చదువుకునే దారి దొరికింది, గిరీశానికి బయటి గుమ్మం దొరికింది. మోసగాణ్ణి ప్రేమించనిచ్చి, మోసపోబోయినామెను కాపాడుకోవడం ఎలాగో తెలుగువాడికి ఇంగ్లండు నుంచి నేర్పించనక్కరలేదు.

ఇప్పుడు ఏలూరు సంగతికి వస్తాను. 2019 నవంబరులో పోలీసులు బయటపెట్టిన వివరాల ప్రకారం, 2018 ఫిబ్రవరికీ 2019 అక్టోబరుకూ నడుమ ఇరవై నెలల్లో, కృష్ణా, ఉభయ గోదావరి జిల్లాల్లో, ఒకే మనిషి పదిమందిని సైనైడ్ పెట్టి చంపాడు. రైస్ పుల్లింగ్ నాణెం అన్నాడు, గుప్తనిధులు అన్నాడు, బంగారం రెట్టింపు అన్నాడు. డబ్బూ నగలూ తెమ్మన్నాడు. ప్రసాదమని ఒకరి చేతిలో, ఆయుర్వేదం మందని మరొకరి చేతిలో పెట్టాడు. పోయినవారిలో అతని బంధువులూ ఉన్నారన్నారు. ఆ మరణాల్లో చాలావాటిని ఇంటివారు సహజమరణాలనే అనుకున్నారు. చివరి మృతుని కుటుంబానికి అనుమానం కలిగి గట్టిగా అడిగితే గానీ తీగ కదల్లేదు, డొంక కదల్లేదు.

దీన్ని లండన్ ఫక్కీలో తీస్తే ఏమవుతుందో చెప్పడానికి జ్యోతిషం అవసరం లేదు. హంతకుడు చమత్కారి అవుతాడు. చనిపోయినవారు దురాశాపరులైన పల్లెటూరి బైతులవుతారు. నాణేనికి బియ్యపుగింజ అతుక్కుంటుందని నమ్మే మొహాలు మనకు దగ్గరగా చూపిస్తారు. హాలంతా గొల్లున నవ్వుతుంది. “అత్యాశకు పోయి చచ్చారు” అని ఆ రోజుల్లో జనం అనుకున్న మాటకే నేపథ్యసంగీతం జతవుతుంది.

నేనడిగేది ఇది. ప్రసాదం చేతిలో పెడితే ఏం కలిపారని మనలో ఎవరు అడుగుతారు? కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటాం. తోటి ఉద్యోగి టీ ఇస్తే వాసన చూసి తాగుతామా? కత్తితో చంపేవాడికి ఎదుటివాడి నమ్మకంతో పనిలేదు. విషం పెట్టేవాడికి అది లేకపోతే పనే జరగదు. తాగినవాడి అమాయకత్వంగా మనం నవ్వుకునేది నిజానికి ఒకరి చేతి ముద్ద ఒకరు తినగలిగే మనుషుల నమ్మకం. అది లేని రోజున పెళ్ళిపంక్తి ఉండదు, హాస్టల్ మెస్ ఉండదు, తార్నాకలో మన చాయ్ కొట్టూ ఉండదు. దాన్ని తెలివితక్కువతనంగా చూపించే సినిమా ఎంత ఆధునికంగా కనబడినా, ఆ పని మీద హంతకుడు ముందే చేరి ఉన్నాడు.

విషం పట్ల కుతూహలమే తప్పా అంటే, కాదు. అదే కుతూహలాన్ని ఇటువైపు నుంచి చూపించినవారు మన తార్నాకలోనే ఉన్నారు. విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ముందు నుంచి మిత్రులు రోజూ బస్సులో పోతూంటారు. 1974లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రాల గిరిజన పల్లెల్లో జనం పసిరికలతో, పొట్ట ఉబ్బి చనిపోతూంటే, కారణం వెదికినవారిలో ఆ సంస్థ శాస్త్రజ్ఞులున్నారు. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న: మీరేం తిన్నారు? అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిన్నారు. వేరే గింజలు కొనుక్కునే స్తోమత లేక అవే తిన్నారు. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంది. ఆ ఇళ్ళలో మిగిలిన తిండి తిన్న కుక్కలూ చచ్చాయి. 1975లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన వారి నివేదిక ప్రకారం జబ్బుపడినవారు 397 మంది, పోయినవారు 106 మంది. గ్రాహం యంగ్ చేతిలో పోయినవారి కంటే ఎన్నో రెట్లు. దీని మీద ఎవరూ సినిమా తీయలేదు. ఈ కథలో హంతకుడు లేడు కనుక కథానాయకుడూ లేడు.

ఏలూరు కథను తీయండి. తప్పక నవ్వించండి. కానీ ఆ పది మరణాల్లో అసలు డార్క్ కామెడీ ప్రసాదం తిన్నవాడి మొహంలో లేదు. ఇరవై నెలలపాటు మూడు జిల్లాల్లో మనుషులు ఒకరి వెనుక ఒకరు కుప్పకూలుతుంటే ‘గుండెపోటు’ అన్న ఒక్క మాటతో అందరూ సర్దుకున్నారు చూడండి, అక్కడ ఉంది. బోవింగ్డన్‌లో ‘వైరస్’ అన్న మాట ఏ పని చేసిందో మన దగ్గర ‘గుండెపోటు’ ఆ పనే చేసింది. పలకరించడానికి వచ్చి కాఫీ తాగి వెళ్ళిన చుట్టాలను చూపించండి. అడగవలసినది అడగకుండా తలలూపిన పెద్దమనుషులను చూపించండి. కష్టం చెమటతో తీరదని తెలిసిపోయి, ఒక నాణెం తీరుస్తుందేమోనని ఆశపడిన మనిషికి రెండు నిమిషాలు నోరివ్వండి. ఊరుకోకుండా “ఎలా పోయాడు?” అని గట్టిగా అడిగిన ఆ ఇంటివారి చేతికి కథ పగ్గాలివ్వండి.

అప్పుడు నవ్వు వస్తుంది, గొంతులో అడ్డం కూడా పడుతుంది. అలా అడ్డం పడకుండా సాఫీగా దిగిపోయే నవ్వును గ్రాహం యంగ్ టీ కప్పును చూసినట్టు కాస్త అనుమానంగానే చూడాలి.