ప్యాకెట్ మీద ఇంటిపేరు ఒక్కటే ఉంటే చాలదు

శాంతినికేతన్‌లోని విశ్వభారతి విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగం వారు మట్టిలో ఒక కొత్త బాక్టీరియాను కనిపెట్టామని 2023 చివర్లో ప్రకటించారు. రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు మీద దానికి 'పాంటోయియా టాగోరి' అని పేరు పెట్టారు. మట్టిలో ఉండి కూడా మొక్కకు అందని పొటాష్, భాస్వరాన్ని కరిగించి వేరుకు అందిస్తుందని, వరికి, మిరపకు మేలు చేస్తుందని చెప్పారు. ఠాగూర్ పేరు పెట్టడం బాగానే ఉంది. కొడుకును 1906లో అమెరికా పంపి వ్యవసాయం చదివించిన మనిషి ఆయన.

కంటికి కనపడని జీవికి ఏ పేరు పెడితే మనకేమిటని కొందరు సభ్యులు అడగవచ్చు. శనగ రైతుకు ఆ పేరుతో చాలా పని ఉంది. శనగ వేరు మీద బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని పట్టే బాక్టీరియాకు 1994లో రైజోబియం సిసెరి అని పేరు పెట్టారు. 1997లో దాన్ని వేరే కుటుంబంలో చేర్చి మీసోరైజోబియం అన్నారు. సోయా వేరు మీద బుడిపెలు కట్టేది బ్రాడీరైజోబియం. సోయా ప్యాకెట్ తెచ్చి శనగ విత్తనానికి పట్టిస్తే బుడిపెలు కట్టవు. అయినా చాలా ప్యాకెట్ల మీద పెద్ద అక్షరాలతో 'రైజోబియం' అని ఒక్క మాటే కనిపిస్తుంది. అది ఇంటిపేరు మాత్రమే. ఇంటిపేరు చెప్పి ఊళ్లో మనిషిని వెతకగలమా?

శాస్త్రవేత్తలు ఆ పేరును ఊరికే పెట్టరు. గ్రాము మట్టిలో కోట్ల బాక్టీరియాలుంటాయి. మట్టిని నీళ్లలో కలిపి, పదింతలు చొప్పున పలచన చేసుకుంటూ పోయి, గాజు పళ్లెంలో పెంచి ఒక్కదాని సంతానాన్ని విడదీస్తారు. 16ఎస్ అనే జన్యువును తెలిసిన జాతులతో పోలుస్తారు. 98.7 శాతం కంటే తక్కువ కలిస్తే కొత్తదేమోనని అనుమానం. అప్పుడు మొత్తం డీఎన్‌ఏను పోలుస్తారు. అందులోనూ పోలిక 95 శాతానికి చేరకపోతే వేరే జాతి కిందే లెక్క. అది ఏం తింటుంది, ఎంత వేడికి, ఎంత ఉప్పుకు తట్టుకుంటుంది అన్నవీ రాయాలి. ఆ బాక్టీరియాను రెండు వేర్వేరు దేశాల నిల్వ కేంద్రాల్లో దాచి, ఎవరడిగినా ఇచ్చేలా ఉంచాలి. మన దేశంలో చండీగఢ్‌లో, పుణేలో అలాంటి కేంద్రాలున్నాయి. ఇన్ని మెట్లు దాటితేనే పేరు నిలుస్తుంది.

ప్రయోగశాలలో ఇంత పట్టింపు ఉంటే, షాపుకొచ్చేసరికి ఎందుకు ఉండదన్నదే మా ప్రశ్న. విత్తనం కొనేటప్పుడు శనగలివ్వమని ఎవరం అడగం, జేజీ 11 ఇవ్వమంటాం. బాక్టీరియాలోనూ అంతే. జాతి ఒకటే అయినా దానిలో రకాలుంటాయి, ప్రతి రకానికీ నంబరుంటుంది, ఒకటి పనిచేసినంత బాగా ఇంకొకటి చెయ్యదు. జీవన ఎరువులు 2006 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. పొడి రూపంలో ఉన్న దానిలో గ్రాముకు 5 కోట్ల బతికున్న బాక్టీరియాలుండాలని నిబంధన. మే నెల ఎండకు రేకుల షెడ్డులో పడి ఉన్న ప్యాకెట్‌లో ఎన్ని బతికుంటాయో వ్యవసాయ శాఖ నమూనాలు తీసి చెప్పాలి. జాతి పేరు, రకం నంబరు, ఏ పంటకో, ఏ తేదీలోపు వాడాలో తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో ఉండాలి. పరీక్షలో తప్పిన కంపెనీల పేర్లు రైతు సేవా కేంద్రాల్లో అతికించాలి.

ఇంకో సంగతి. కొత్త బాక్టీరియా దొరికేది ఎవరో ఒకరి మట్టిలోనే. 2002 జీవవైవిధ్య చట్టం సూక్ష్మజీవులను కూడా జీవ వనరులుగానే లెక్కిస్తుంది, వాటితో వ్యాపారం చేస్తే లాభంలో వాటా గురించీ చెబుతుంది. పంచాయతీకో జీవవైవిధ్య కమిటీ ఉండాలన్నదీ ఆ చట్టమే. మీ పంచాయతీలో ఆ కమిటీలో ఎవరున్నారో, అది ఎప్పుడైనా కూర్చుందో కార్యదర్శిని అడగండి. మట్టి తీసుకుపోవడానికి ఎవరైనా వస్తే ఎందుకో, ఎక్కడికో కాగితం మీద రాయించుకోండి.

ఈ రబీలో శనగ వేసేవాళ్లు విత్తనానికి పట్టించిన ప్యాకెట్‌ను పారెయ్యకండి. పూతకు ముందు నాలుగైదు మొక్కలు మట్టితో సహా తవ్వి, వేరు కడిగి, బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగుంటే పని జరుగుతున్నట్టు. తెల్లగానో, పచ్చగానో ఉంటే, లేదా అసలు బుడిపెలే లేకపోతే, ఆ ప్యాకెట్, బిల్లు తీసుకుని మండల కమిటీ దగ్గరకు రండి. సంఘం తరఫున ఫిర్యాదు రాస్తాం.