పసిపిల్లల కాలం, పెద్దల బాధ్యత

విద్య అనగానే మనకు పాఠశాల గుర్తుకు వస్తుంది. పలక, పుస్తకం, ఉపాధ్యాయుడు, పరీక్ష, వీటి నడుమనే విద్య ఉన్నదని భావించటం మనకు అలవాటైపోయింది. కానీ మనిషి నేర్చే విద్యలన్నింటిలో అతి కష్టమైనది భాష. ఆ విద్యను ప్రతి శిశువూ బడి గడప తొక్కకముందే, ఐదేళ్ళ ప్రాయంలోపే, తల్లి ఒడిలోనూ ఇంటి వాకిట్లోనూ సంపాదించుకొంటున్నాడు. ఆ ఐదేళ్ళ కాలం ఇప్పుడు ఎవరి పాలవుతున్నది? చేతిఫోను తెర ముందు పసిపిల్లలు ఎంతసేపు కూర్చుండవచ్చు? ఆ హద్దును ఎవరు గీయాలి? ఈ విషయమై మా అభిప్రాయాన్ని విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచినాము.

ముందుగా వైద్యులు చెప్పిన మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో ఐదేళ్ళలోపు పిల్లల గూర్చి మార్గదర్శకాలు వెలువరించింది. రెండేళ్ళు నిండని పిల్లలకు తెర తగదని, రెండు నుండి నాలుగేళ్ళ వయసు వారికి రోజుకు ఒక గంట మించరాదని, అంతకన్న తగ్గినకొద్దీ మేలని అందులో చెప్పారు. మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజుకు 10 నుండి 13 గంటలు నిద్రించాలని, కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలే ఆటపాటలలో గడపాలని కూడా అందులోనే ఉన్నది. మన దేశంలో ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే బాలవైద్యుల సంఘం 2021లో రూపొందించిన సూచనలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. రెండేళ్ళలోపు తెర వద్దు. దూరాన ఉన్న ఆప్తులతో ఎప్పుడైనా వీడియోలో మాట్లాడించటం మాత్రమే దీనికి మినహాయింపు. రెండు నుండి ఐదేళ్ళ వరకు, పెద్దల కనుసన్నలలో, ఒక గంటకు మించరాదు.

ఈ ఒక్క గంట అన్న మాట విన్నవారు, ఇంత కాఠిన్యమెందుకని అడగవచ్చు. ఒక చిన్న లెక్క వేసి చూడండి. రోజుకు మూడు గంటలు తెర చూచే బిడ్డ, ఏడాదిలో 1,095 గంటలు చూస్తాడు. ఆ బిడ్డ రోజుకు 12 గంటలు మెలకువగా ఉంటాడనుకొంటే, అది 91 రోజుల మెలకువకు సమానం. అనగా ఏడాదిలో మూడు నెలలు ఆ పసివాడు తల్లిదండ్రులతో గాని, తోటిపిల్లలతో గాని, మట్టితో గాని సంబంధం లేకుండా గడిపినాడన్న మాట. పెద్దవారు మూడు నెలలు పోగొట్టుకొంటే మరల సంపాదించుకోవచ్చునేమో. మూడేళ్ళ వయసులో పోయిన మూడు నెలలు అటువంటివి కావు.

'ఫోను చూచి పిల్లవాడు మాటలు నేర్చుకొంటున్నాడు గదా' అన్న వాదన తరచుగా వినబడుతున్నది. దీనికి శాస్త్రజ్ఞులు చేసిన ఒక పరీక్ష సమాధానమిస్తున్నది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పట్రీషియా కూల్ అనే ఆచార్యురాలు, ఆమె సహచరులు తమ పరిశోధన ఫలితాలను 2003లో ప్రకటించారు. ఆంగ్లం తప్ప మరొకటి వినని తొమ్మిది నెలల శిశువులకు పన్నెండు పర్యాయాలు చీనా భాష వినిపించారు. కొందరు శిశువుల ఎదుట మనిషి కూర్చుండి, బొమ్మలు చూపుతూ, కథలు చదువుతూ మాట్లాడినారు. మరికొందరికి అదే మనుషులను, అవే మాటలను తెరపై చూపినారు. మనిషి ఎదుట కూర్చున్న శిశువులు ఆ పరభాషా ధ్వనులను గుర్తుపట్టగలిగినారు. తెర చూచిన శిశువులకు ఏమీ అబ్బలేదు. మాట ఒకటే, మాట్లాడిన మనిషి ఒకటే. లేనిదల్లా, బిడ్డ కళ్ళలోకి చూచి, అతని ఊకొట్టుకు బదులు పలికే సాన్నిధ్యం.

ఈ సత్యం మన ప్రాంతానికి మరింతగా వర్తిస్తుందని మా నమ్మకం. ఖమ్మం పట్టణం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం చేరేసరికి మూడు భాషలు చెవిన పడతాయి. ముస్లిం ఇండ్లలో దక్కనీ ఉర్దూ, వీధిలోనూ అంగడిలోనూ తెలుగు, గోదావరి దాటి దుమ్ముగూడెం, చర్ల అడవుల వైపు వెళ్ళినకొద్దీ కోయభాష. కోయభాషలో అచ్చయిన పుస్తకాలు బహు కొద్ది. 2004లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన బాలలకు మాతృభాషలో బోధన ప్రారంభించినప్పుడు, తెలుగు లిపిలోనే కోయ వాచకాలు తయారుచేయవలసి వచ్చింది. మన ఇండ్లలోని ఉర్దూ సంగతి కూడా, లిపి వేరైనా, స్థితిలో అంత భిన్నమేమీ కాదు. పిల్లలలో పలువురు తెలుగు, ఆంగ్ల మాధ్యమాలలో చదువుతున్నారు. వారికి ఉర్దూ పుస్తకం ద్వారా కాక, దాదీమా, నానీమాల నోటి ద్వారానే అందవలసి ఉన్నది. నోటి నుండి చెవికి సాగే భాషకు వినే పసిబిడ్డే ఆధారం. ఆ చెవికి మరొక ధ్వని రోజంతా తగులుతూ ఉంటే, అవ్వ చెప్పే కథకు చోటెక్కడిది?

తెరలోని బొమ్మలన్నీ చెడ్డవని మేము అనటం లేదు. 2008లో టీవీకెక్కిన 'ఛోటా భీమ్' మన హైదరాబాదులోనే రూపుదిద్దుకొన్నది. పిల్లలు దానిని చూచి ఆనందిస్తే తప్పేమీ లేదు. అయితే ఆ భీముడు మన బిడ్డ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడు. బిడ్డ మాట తడబడితే సరిదిద్దడు.

తెర మన పల్లెలకు వచ్చిన చరిత్రలో ఒక విశేషమున్నది. 1975 ఆగస్టు 1న ఉపగ్రహం ద్వారా గ్రామాలకు టెలివిజన్ చూపే 'సైట్' ప్రయోగం ఆరు రాష్ట్రాలలో ఆరంభమైంది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సుమారు 2,400 గ్రామాలలో ఏడాదిపాటు అది సాగింది. అందులో బడి పిల్లలకు ఉదయం పూట ప్రత్యేక కార్యక్రమాలు ఉండేవి. ఊరందరికీ తెర ఒక్కటే. దానికి ఒక వేళ ఉండేది, ఆ వేళ తీరగానే అదే ఆగిపోయేది. అదే ఏడాది, రెండు నెలలు తిరగగానే, అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. నేడు మన ప్రతి పల్లెలో కనబడే అంగన్‌వాడీ కేంద్రం దాని ఫలమే. మూడు నుండి ఆరేళ్ళ పిల్లలకు ఆటపాటలతో పూర్వప్రాథమిక విద్య నేర్పటం ఆ కేంద్రం బాధ్యతలలో ఒకటి. ఆ విధంగా తెర, అంగన్‌వాడీ ఒకే ఏడు పుట్టినవి. నాటి తెర ఒక వేళకు ఆగేది. నేటి తెర ఆగదు. ఒక బొమ్మ ముగియకముందే మరొకటి సిద్ధంగా ఉంటుంది. చూపు తిప్పుకొనే అవకాశం పెద్దలకే చిక్కటం లేదు, పసివారి మాట చెప్పనేల? కనుక ఆపవలసిన బాధ్యత యంత్రం నుండి ఇంటివారి మీదికి వచ్చి పడింది.

ఆ యంత్రం పసివారి చేతికి ఎట్లా చేరిందో మనకు తెలియనిది కాదు. 2020 మార్చిలో మహమ్మారి కారణంగా బడులు మూతపడ్డాయి. ఆ సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో మూడవ తరగతి మొదలు పదవ తరగతి వరకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు ప్రసారమైనాయి. పెద్ద పిల్లల చదువు కోసం ఎందరో తల్లిదండ్రులు అప్పు చేసి ఫోను కొన్నారు. పాఠం పెద్దవాడిది, ఫోను మాత్రం ఇంటిల్లిపాదిదీ అయింది. బడులు తెరిచిన తరువాత పెద్దవాడు బడికి వెళ్ళినాడు, తెర చిన్నవాడి దగ్గర మిగిలిపోయింది.

ఇందుకు తల్లులను నిందించటం న్యాయం కాదు. మిరపకాయలు కోసే రోజులలో తెల్లవారకముందే కూలికి పోయే తల్లి, వేసవిలో తునికాకు కోసి కట్టలు కట్టే తల్లి, సాయంకాలం ఇల్లు చేరి పొయ్యి రాజేయాలి. బొగ్గుగనిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగటిపూట నిద్రపోవాలి. రెండు గదుల ఇంట్లో బిడ్డ అల్లరి చేయకుండా ఉండాలి. అప్పుడు చేతికందేది ఫోనే. 'ఫోను ఇవ్వకుంటే ముద్ద దిగదు' అనే తల్లి బద్ధకస్తురాలు కాదు, అలసినది. కనుక హద్దు పెట్టాలని ఆమెకు బోధించి ఊరుకొంటే చాలదు. ఆ హద్దు వలన ఖాళీ అయ్యే గంటను నింపటానికి మరొక మనిషి కావాలి.

ఆ మనిషి మీరేనని విద్యార్థులకు మేము విన్నవించుకొంటున్నాము. మీలో అనేకుల ఇండ్లలో అక్క బిడ్డలో, అన్న బిడ్డలో, చిన్న చెల్లెళ్ళో ఉన్నారు. వారి చేతిలో ఉన్న ఫోను చాలా ఇండ్లలో మీదే. దాని తాళం మీకు తెలుసు. అది ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో నిర్ణయించగలవారు మీరు. రెండేళ్ళలోపు బిడ్డకు ఇవ్వకండి. ఆపై వయసు వారికి ఒక వేళ నియమించి, పక్కన కూర్చుండి, చూచినదాని గూర్చి మాట్లాడండి. అన్నం దగ్గర, నిద్రకు ముందు గంటసేపు తెర వద్దు. ఈ రెండు వేళలలో మాత్రం మీరు కూడా మీ ఫోను పక్కన పెట్టండి. పెద్దవాడు తెరలో మునిగి ఉండి పసివానిని వద్దంటే ఆ నియమం రెండు రోజులు నిలవదు.

ఫోను తీసుకొన్న చేతిలో ఏమి పెట్టాలన్న చింత మన ప్రాంతంలో అక్కరలేదు. ఇంటింటా చింతగింజలున్నాయి. వామనగుంటలాటలో గుంటకు గింజలు పంచే బిడ్డ కూడికలూ తీసివేతలూ వ్రేళ్ళతో నేర్చుకొంటాడు. అయితే గింజలు మింగే వయసు దాటినవారికే, పెద్దల ఎదుటనే ఆ ఆట. దాగుడుమూతలకు, ఇసుకలో కట్టే పిట్టగూళ్ళకు పైసా ఖర్చు లేదు. 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి యుద్ధకాలమంతా మన దేశంలోనే గడిపిన మరియా మాంటిసోరి, పిల్లవాడు చేతులతో నేర్చుకొంటాడని ఉపాధ్యాయులకు బోధించింది. ఆమె ఖరీదైన చెక్కబొమ్మలతో చెప్పినదానిని మన అవ్వలు చింతగింజలతో చేసి చూపినారు.

కళాశాల కమిటీ వారికి మా మనవి రెండు విషయాలు. మొదటిది, మన జాతీయ సేవా పథకం విద్యార్థులు గ్రామాలలో శిబిరం వేసినప్పుడు, రోడ్లు ఊడ్చటంతో పాటు, రోజుకు ఒక గంట అక్కడి అంగన్‌వాడీలో పిల్లలకు కథలు చెప్పే పని కూడా పెట్టుకోవాలి. రెండవది, ఈ వార్షిక సంచికలో కొన్ని పుటలు జోలపాటలకు, పిల్లల కథలకు కేటాయించాలి. ప్రతి విద్యార్థీ తన ఇంటి పెద్దావిడ నోటి నుండి ఒక ఉర్దూ లోరీనో, తెలుగు జోలనో, కోయ పాటనో వ్రాసి తేవాలి. వ్రాయటానికి కూర్చుండిన రోజున, ఇంట్లో ఆ పాట పూర్తిగా ఎవరికి వచ్చునో, ఎవరికి రాదో తేలిపోతుంది.

హద్దు అంటే పిల్లవాని నుండి ఒక వస్తువును లాగుకొనటం అని చాలామంది భావిస్తున్నారు. మా దృష్టిలో అది పెద్దలు తమ కాలంలో నుండి కొంత తీసి బిడ్డకు ఇవ్వటం. ఇవ్వటానికి మనం సిద్ధపడిన ఇంట్లో గంట నియమం దానంతటదే నిలుస్తుంది. సిద్ధపడని ఇంట్లో ఎంత గొప్ప వైద్య సంఘం చెప్పినా అది గోడమీది కాగితమే. వేసవి సెలవులు ఎంతో దూరం లేవు. ఇంటికి వెళ్ళే ప్రతి విద్యార్థీ తన ఇంటి పసిబిడ్డకు రోజుకు ఒక గంట కేటాయించి, సెలవుల అనంతరం ఆ బిడ్డ నేర్చిన కొత్త మాటలను మాకు వచ్చి చెప్పగలడని ఆశిస్తున్నాము.