విస్తరి ఒక్కటే అంటే ఎలా?

కొంచెం పొడుగ్గా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

వర్తూరు నుంచి గుంజూరు మీదుగా దొమ్మసంద్ర పోయే మన దారి మీద ఇంకో పెద్ద అపార్ట్‌మెంట్ ప్రాజెక్టు వస్తోంది. ట్రాఫిక్ మీద చెప్పుకోదగ్గ ప్రభావం ఉండదని వాళ్ల రిపోర్టు. పొద్దున బడి వ్యాను కోసం పిల్లల చెయ్యి పట్టుకుని నిలబడే మనవాళ్లలో ఒక్కరిని అడిగినా ఆ మాట రాసేవాళ్లు కాదు.

లెక్కే చూద్దాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 ప్రమాణం ప్రకారం రెండు వరుసల సబ్-ఆర్టీరియల్ రోడ్డు, రెండు దిక్కులా కలిపి, గంటకు 1,200 కార్లకు సమానమైన బండ్లను మోస్తుంది. వెయ్యి ఫ్లాట్లు అనుకోండి. రద్దీ గంటలో సగం ఇళ్ల నుంచి ఒక్కో కారు బయటికొస్తే 500. అంటే రోడ్డు మోయగలిగినదాంట్లో 40 శాతానికి పైగా ఒక్క గేటుకే సరి! నీళ్ల ట్యాంకర్లు, డెలివరీ బండ్లు, పనివాళ్ల ఆటోలు ఇందులో లేనే లేవు. ట్యాంకర్ ఒక్కటే రెండు కార్లకు మించి. మెట్రో వచ్చిందిగా అంటారు. నిజమే, 2023లో వైట్‌ఫీల్డ్ దాకా వచ్చింది. స్టేషన్ చేరాలన్నా ముందు ఈ దారిలో ఈదాల్సిందే.

అసలు మోసం ఇంకోచోట ఉంది. ప్రతి బిల్డరూ దారి మీద తనొక్కడే ఉన్నట్టు లెక్క కడతాడు. పెళ్లికొచ్చిన ప్రతివాడూ "నాది ఒక్క విస్తరే కదా" అన్నట్టు. ఎన్ని విస్తర్లు లేచాయో వంటవాడికి తెలుసు. ఇక్కడ ఆ వంటవాళ్లం మనమే.

రూలు లేక కాదు. 2006 నోటిఫికేషన్ ప్రకారం నిర్మాణం 20,000 చదరపు మీటర్లకు చేరితే పర్యావరణ అనుమతి తప్పనిసరి. కేంద్ర పర్యావరణ శాఖ 2019లో ఇచ్చిన ప్రామాణిక షరతుల్లో స్పష్టంగానే ఉంది: 5 కిలోమీటర్ల పరిధిలో ఉన్నవీ రాబోయేవీ అన్నీ కలిపి లెక్కించాలి, రోడ్ల స్థాయి దిగజారకూడదు, ఆ ప్లానును ప్రభుత్వ శాఖలు ధ్రువీకరించాలి. కానీ అదే 2006 నోటిఫికేషన్ భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదంది. మనల్ని ఎవరూ పిలవరు. మనమే వెళ్లి అడగాలి.

ఇళ్లు కట్టొద్దని మేము అనడం లేదు. ఈ నేలకు మనలో కొందరు తాతల నాడు వచ్చారు, కొందరు నిన్న ఉద్యోగానికి వచ్చారు. రేపు వచ్చేవాడిని వద్దనే హక్కు మనకు లేదు. భూములు అమ్మినవాళ్లూ ఫ్లాటు బుక్ చేసుకున్నవాళ్లూ మన సంఘంలోనే ఉన్నారు. కొన్నవాళ్లకే ఈ లెక్క ఎక్కువ అవసరం. ఇరుక్కునేది వాళ్లూ కదా!

"ఉగాది వేదికకు బిల్డర్ల దగ్గర స్పాన్సర్‌షిప్ తీసుకుంటాం, ఏ మొహంతో అడుగుతాం?" అన్నారు మొన్న మీటింగులో ఒకరు. బ్యానర్ ఖర్చుకు నోరు తాకట్టు పెట్టుకునే సంఘం మనకెందుకు? ఇంకొకరు "సంఘం పండగలకే, గొడవలకు కాదు" అన్నారు. అంబులెన్సు వెనక హారన్ కొడుతుంటే దారి ఇవ్వాలని అందరికీ ఉంటుంది, పక్కకు జరగడానికి చోటుండదు. అందులో పడుకున్నది మన ఇంటి పెద్దాయనైతే అప్పుడు కూడా ఇదే మాట అంటామా?

మేము అడిగేవి మూడే. బండ్ల లెక్క బళ్లు నడిచే పనిదినాల్లో, ట్యాంకర్లతో సహా తీయాలి. 5 కిలోమీటర్లలో అనుమతి పొందిన ప్రాజెక్టులన్నీ కలపాలి. దారి వెడల్పయ్యాకే ఓసీ ఇవ్వాలి.

అర్జీ కన్నడంలో రాద్దాం, పక్కింటి కన్నడిగుల సంతకాలతో కలిపి ఇద్దాం. దారి అందరిదీ. పరివేష్ పోర్టల్‌లో ఫైలు ఎక్కడుందో వారం వారం చూద్దాం. అనుమతి వచ్చేస్తే చెన్నైలోని హరిత ట్రైబ్యునల్‌కు అప్పీలు చేయడానికి 30 రోజులే గడువు, కారణం చూపితే మరో 60. నిద్రపోతే ఆ గడువూ దాటిపోతుంది.

వచ్చే కమిటీ మీటింగులో ఈ తీర్మానం పెడుతున్నాం. వ్యతిరేకించేవాళ్లు కూడా రండి. కానీ రద్దీ గంటలో, ఆ దారినే రండి.