బీటువారిన అచ్చులు

1937వ సంవత్సరంలో అమెరికాలోని డెన్వరు టంకశాల ముద్రించిన అయిదు సెంట్ల నాణెములలో కొన్నింటి మీద అడవిదున్న మూడు కాళ్లతో నిలిచి ఉన్నది. శిల్పి జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్ తీర్చిన దున్నకు నాలుగు కాళ్లూ ఉన్నవి. 1913 నుండి 1938 వరకు ఆ నమూనాయే వాడుకలో ఉండేది. నాలుగవ కాలిని పోగొట్టినది శిల్పి కాడు, టంకశాల పనివాడు.

నాణెములు ముద్రించే యంత్రంలో ఉక్కు అచ్చులు రెండు ఉంటవి. బొమ్మకు ఒకటి, బొరుసుకు ఒకటి. రెంటి నడుమకు లోహపు బిళ్ల రాగానే అచ్చులు దానిని నొక్కుతవి. ఏ కారణంచేతనైనా బిళ్ల రాకపోతే ఉక్కు ఉక్కునే కొడుతుంది. ఒక అచ్చు చిత్రం రెండవదాని మీద మచ్చగా పడుతుంది. డెన్వరులో అట్టి మచ్చలు పడిన అచ్చును పారవేయక, ఎవరో దానిని అరగదీసి మళ్లీ వాడినారనీ, మచ్చలతోబాటు దున్న ముందరి కాలు ఒకటి అరిగిపోయినదనీ నాణెశాస్త్రజ్ఞుల అభిప్రాయం. అచ్చులో కాలు అంటే ఒక గుంట. చుట్టూ ఉన్న ఉక్కు అరిగినకొలదీ గుంట లోతు తగ్గుతుంది. తగ్గి తగ్గి చివరకు లేకుండా పోతుంది.

ఈ మూడుకాళ్ల దున్నకు అంగడిలో మామూలు నాణెముకంటె ఎన్నో రెట్ల వెల పలుకుతుంది. ఆ వెలను చెప్పేవారు కోకొల్లలు. కాలు ఎట్లా పోయినదో చెప్పేవారు అరుదు. లోపమున్న నాణెము చేత పడగానే "ఎంతకు పోతుంది?" అన్న ప్రశ్న ముందు పుట్టి, "ఎట్లా పుట్టినది?" అన్న ప్రశ్న పుట్టకుండానే పోవడం విచారించదగిన సంగతి. రెండవ ప్రశ్నకు దొరికే సమాధానంలో ఉన్న సంపద మొదటిదానిలో లేదు.

అచ్చు మీద చిత్రం లోతుగా, కుడియెడమలు తారుమారుగా ఉంటుంది. నాణెం మీద అది ఉబ్బెత్తుగా వస్తుంది. లక్షల దెబ్బలు తిన్న ఉక్కు అలసి ఎక్కడో ఒకచోట బీటువారినదనుకొందాము. అప్పుడు ఒత్తిడికి బిళ్లలోని లోహం ఆ బీటలోనికి చొరబడుతుంది. నాణెం మీద సన్నని ఉబ్బెత్తు గీత ఏర్పడుతుంది. జేబులలోను, పెట్టెలలోను పడి, చేతులు మారిన నాణెమునకు తగిలిన గీత అయితే లోపలికి దిగి ఉంటుంది. ఉబ్బు అచ్చుది, గంటు లోకానిది. ఈ ఒక్క భేదం తెలిసిన విద్యార్థి భూతద్దం పట్టుకొని, అంగడివాని మాటలలో సగం అబద్ధమని తానే తేల్చుకోగలడు.

బీట అక్కడితో ఆగదు. ప్రతి దెబ్బకూ కొంచెము కొంచెముగా సాగుతుంది. అంచునుండి అంచుకు ప్రాకుతుంది, చీలుతుంది. ఒకనాడు అంచున ఒక ముక్క ఊడి పడుతుంది. అటుపై వెలువడే నాణెములన్నింటి మీద ఆ చోట అక్షరముండదు, చిత్రముండదు, నున్నని గడ్డ ఒకటి ఉంటుంది. దానికి సరిగా వెనుకవైపున చిత్రం మసకబారుతుంది; అక్కడ నిండవలసిన లోహం గడ్డలోనికి పోయినది గదా!

నాణెం మీది అంకె ఏ సంవత్సరమో చెబుతుంది. ఆ సంవత్సరంలో ఏ నాణెము ముందు, ఏది వెనుక అన్నది చెప్పదు. బీట చెబుతుంది. సాగిన బీట మళ్లీ కురచ కాదు. కనుక ఒకే అచ్చునుండి పుట్టిన నాణెములలో వెంట్రుకవంటి గీత ఉన్నది అన్న, పెద్ద గడ్డ ఉన్నది తమ్ముడు. అంకెలే లేని ప్రాచీన నాణెముల విషయంలో ఈ సాక్ష్యం ఎంత విలువైనదో ఊహించవచ్చును. సాతవాహనుల నాణెముల మీద రాజుల పేర్లు ఉన్నవిగాని సంవత్సరాలు లేవు. ఆ కాలములలో క్రింది అచ్చును దాగలిలో బిగించి, పై అచ్చును చేతబట్టి సుత్తితో కొట్టేవారు. సుత్తి దెబ్బ నేరుగా తినేది పై అచ్చు. అది ముందుగా చెడేది. దాని స్థానంలో కొత్తది వచ్చేది, క్రిందిది మాత్రం కొనసాగేది. ఏ పై అచ్చు ఏ క్రింది అచ్చుతో జతపడినదో గుర్తించుకొంటూ పోతే గొలుసు ఒకటి ఏర్పడుతుంది. ఆ గొలుసు ఏ కొసనుండి ఏ కొసకు నడిచినదో తెలిపేది క్రింది అచ్చు మీద పెరిగిన బీట.

సాహిత్యాభిమానులకు ఈ పద్ధతి కొత్త కాదు. 1623లో లండనులో అచ్చయిన షేక్స్పియరు నాటకాల తొలి సంపుటంలో విరిగిన, నొక్కుకుపోయిన సీసపుటక్షరాలు మళ్లీ మళ్లీ ఎక్కడెక్కడ కనబడినవో వెదకి, ఆ గ్రంథం ముద్రణ సాగిన క్రమాన్ని చార్లటన్ హిన్మన్ అనే పండితుడు 1963లో నిరూపించినాడు. నిర్దోషమైన అక్షరాలన్నీ ఒక్కతీరుగా ఉంటవి. విరిగినదానిని మాత్రమే గుర్తుపట్టవచ్చును. పుస్తకానికి చెల్లినది నాణెమునకు ఎందుకు చెల్లరాదు?

అంగడిలో మరొక భ్రమ కలదు. లోపమున్న ప్రతి నాణెమూ అపూర్వమన్న భ్రమ అది. బిళ్ల ప్రక్కకు జరిగి చిత్రం సగమే పడితే అది ఆ ఒక్క నాణెపు దురదృష్టం. అచ్చులోని దోషం అట్లా కాదు. ఎవరైనా చూచి యంత్రాన్ని ఆపేవరకు వెలువడే ప్రతి నాణెమునకూ సంక్రమిస్తుంది. వేలలో ఉండవచ్చును. "దేశంలో ఇది ఒక్కటే" అని ఎవరైనా అచ్చు బీటను చూపి వేలరూపాయలు అడిగితే, మిగిలినవి ఏమైనవని అడగవలెను.

ఈ వ్యాపారం విద్యార్థులనుకూడ తాకుతున్నది. పాత నాణెములు కొని అమ్మిపెడతామంటూ తన పేరును, చిహ్నమును వాడుకొని రుసుములు, పన్నులు వసూలు చేసే మోసగాళ్లున్నారని భారత రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినది. తాను అట్టి వ్యవహారములలో పాల్గొనడం లేదనీ, ఎవరివద్దనూ రుసుము తీసుకోదనీ చెప్పినది. హెచ్చరిక మంచిదే. కాని హెచ్చరిక భయాన్ని పెంచగలదుగాని చూపును ఇవ్వలేదు. చూపును ఇవ్వవలసినది పాఠశాల. అందుకు పెద్ద ఖర్చు లేదు: ఒక భూతద్దం, దోసెడు చిల్లర. సంవత్సరం క్రింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాల నాణెం. అక్కడ మొదలుపెట్టి, ఏ గీత ఉబ్బినది, ఏ గీత దిగినది అని పిల్లలచేత విడదీయించవచ్చును. చరిత్ర ఉపాధ్యాయుడు సాక్ష్యాన్ని గూర్చి, విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు ఉక్కు అలసటను గూర్చి ఆ దోసెడు చిల్లరతోనే పాఠం చెప్పగలరు.

డెన్వరు దున్నకు నకిలీలు కూడ పుట్టినవి. మామూలు నాణెం మీది కాలిని గీకివేసి మూడుకాళ్లదని అమ్మేవారున్నారు. అసలు నాణెంలో దున్న కడుపు క్రిందనుండి నేలవరకు ఉబ్బెత్తు చుక్కల వరుస ఒకటి కనబడుతుంది. అది అచ్చులో పడిన గుంటల జాడ. గీకుడుపనివాడు కాలిని తీసివేయగలడుగాని, ఆ చుక్కలను మొలిపించలేకపోయినాడు.